ఉత్సవ విగ్రహాలొద్దు, చెక్కు మీద సంతకం కావాలి

2009 జులైలో ఒబామా అమెరికా సర్జన్ జనరల్ పదవికి రెజీనా బెంజమిన్ అనే డాక్టరమ్మ పేరు ప్రకటించాడు. అలబామాలో బయూ లా బాత్రే అని చేపలూ రొయ్యలూ పట్టుకు బతికే ఊరొకటుంది. ఆవిడ అక్కడ బీదవాళ్ళ కోసం క్లినిక్ పెట్టింది. 1998లో తుఫానుకి అది పోయింది. 2005లో కత్రినాకి మళ్ళీ పోయింది. 2006లో నిప్పంటుకుని మూడోసారి పోయింది. ప్రతిసారీ మళ్ళీ లేపి నిలబెట్టింది. 2008లో మెకార్థర్ ఫెలోషిప్పు కూడా వచ్చింది. ఇంత చేసినావిడ పేరు బయటికి రాగానే టీవీల్లో జరిగిన చర్చ ఏమిటో తెలుసా? ఆవిడ లావుగా ఉందని! దేశానికి ఆరోగ్యం గురించి చెప్పాల్సిన మనిషి అలా ఉంటే జనానికి ఏం సందేశం వెళ్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే అడిగారు.

ఐదేళ్ళ తర్వాత, 2014లో, బెల్జియంలో ఇదే సినిమా రీమేక్ అయింది. మాగీ డి బ్లాక్ అనే ఆవిడ ఆరోగ్యమంత్రి అయింది. రాజకీయాల్లోకి రాకముందు ఏళ్ళ తరబడి రోగుల్ని చూసిన డాక్టరు. ఆవిడ పాలసీ ఏమిటి, ఆసుపత్రుల బడ్జెట్ సంగతేమిటి అని అడిగినవాళ్ళ కంటే ఆవిడ బరువెంత అని అడిగినవాళ్ళే ఎక్కువ గొంతు చేశారు.

ఇదంతా తెల్లవాళ్ళ గొడవ, మనకెందుకు అంటారా? మొన్న దసరాకి ఇక్కడ మిస్సిస్సాగాలో ఓ స్నేహితుడింట్లో పదిమందిమి కలిశాం. మాటల్లో ఒబేసిటీ కెనడా అనే ఛారిటీ గురించి చెప్పాను. దాన్ని నడిపేవాళ్ళలో ఊబకాయంతో బతుకుతున్నవాళ్ళే ముఖ్యమైన కుర్చీల్లో ఉన్నారని చెప్పాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన గారె నములుతూ, "అదేంటి గురూ, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు లేదూ?" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను, నూట పదహారు కేజీలతో. శుభమా అని నూట పదహార్లు :)

నవ్వు సంగతి వదిలేయండి, అలవాటే. ఆ సామెత సంగతి చూద్దాం. దొంగ ఎవరు ఇక్కడ?

మిగతా జబ్బుల దగ్గర ఎవరికీ ఈ అనుమానం రాదు. చిన్నపిల్లలకొచ్చే టైప్ 1 డయాబెటిస్ పరిశోధనకి డబ్బులు పోగుచేసే అతి పెద్ద సంస్థల్లో ఒకదాన్ని అమెరికాలో 1970లో పెట్టింది ఆ పిల్లల తల్లిదండ్రులు. 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టిన ఇద్దరూ తాగుడుతో సర్వనాశనమైపోయి తేలినవాళ్ళే. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినావిడ క్యాన్సర్ ఛారిటీకి అధ్యక్షురాలైతే దండం పెడతాం. కళ్ళు లేనివాళ్ళ సంఘానికి కళ్ళు లేని మనిషే అధ్యక్షుడుగా ఉండాలని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క ఒబేసిటీ దగ్గరికొచ్చేసరికే దొంగా, తాళాలూ గుర్తొస్తాయి. ఎందుకంటే మన మనసులో అది జబ్బు కాదు, గుణం. తిండిపోతు, బద్ధకిష్టి, నోరు కట్టుకోలేనివాడు. తన నోరే కట్టుకోలేనివాడు సంస్థనేం నడుపుతాడు? ఇదీ అసలు వాదన. మర్యాదస్తులు దీన్ని "సందేశం" అని పిలుస్తారు, మనవాళ్ళు సామెత వేస్తారు. అంతే తేడా.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు మరీను. ప్రతివాడికీ ఫార్ములా నోటికొచ్చు. తిన్న కేలరీల్లోంచి ఖర్చయిన కేలరీలు తీసెయ్యి, మిగిలింది కొవ్వు, సింపుల్ అంటాడు. బాబూ, ఆ రెండు సంఖ్యలూ ఒకదాన్నొకటి మార్చేసుకుంటాయని నీకెవరైనా చెప్పారా? అమెరికాలో 'బిగ్గెస్ట్ లూజర్' అని ఓ టీవీ పోటీ నడిచేది. అందులో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కొలిచి 2016లో ప్రచురించింది. పోటీలో సగటున 58 కేజీలు తగ్గారు. ఆరేళ్ళలో సగటున 41 కేజీలు తిరిగొచ్చాయి. అసలు విషయం అది కూడా కాదు. ఆరేళ్ళు గడిచినా వాళ్ళ శరీరాలు, ఆ సైజు మనిషికి ఉండాల్సిన దానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువే ఖర్చు పెడుతున్నాయి. అంటే పక్కనున్న అంతే బరువు మనిషి తిన్నంత తింటే వీళ్ళు లావవుతారు. అంతకుముందు 2011లో మెల్‌బోర్న్ వాళ్ళు 50 మందితో చేసిన ఇంకో పరిశోధనలో, డైటింగ్ చేసి తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలి పుట్టించే హార్మోన్లు పాత స్థాయికి దిగలేదని తేలింది. ఏసీకి 24 అని సెట్ చేసి కిటికీ తెరిచి పెడితే ఏమవుతుంది? అది ఇంకా గట్టిగా తిరుగుతుంది. శరీరమూ అంతే. దీన్ని మనోబలం అనే రిమోట్‌తో మార్చేయొచ్చనుకునేవాడికి నేనొక నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంటాను.

సరే, జబ్బని ఒప్పుకున్నారనుకుందాం (కెనడా మెడికల్ అసోసియేషన్ 2015లో ఒప్పుకుంది, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2013లోనే ఒప్పుకుంది, మా దసరా బృందం ఇంకా ఒప్పుకోలేదు). అయినా జబ్బు పడ్డవాళ్ళే ఎందుకు నడపాలి? డాక్టర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు, మంచి మనసున్న దాతలున్నారు. వాళ్ళు చాలరా?

చాలరు. ఎందుకో ఒక చిన్న వస్తువుతో చెప్తాను. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ ఉంటుంది కదా, కఫ్ అంటారు. అది సైజుల్లో వస్తుంది. లావు చేతికి మామూలు పట్టీ చుడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఎక్కువ? 2023లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 195 మంది మీద చూశారు. అన్నిటికంటే పెద్ద పట్టీ కావాల్సినవాళ్ళకి మామూలుది చుడితే పై అంకె సగటున దాదాపు 20 పాయింట్లు పెరిగింది. 20 అంటే మాటలా! 125 ఉన్నవాడు 145 అయి కూర్చుంటాడు, చేతిలో మాత్రల చీటీతో ఇంటికొస్తాడు.

నాకూ జరిగింది. ఎక్కడో చెప్పను. నర్సమ్మ పట్టీ చుట్టింది, వెల్క్రో పర్రుమని ఊడింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ ఊడింది. మూడోసారి తనే చేత్తో అదిమి పట్టుకుని కొలిచింది. 152 వచ్చింది. పెద్ద పట్టీ లేదా అంటే, ఉండాలి, ఎక్కడ పెట్టారో అంది. డాక్టరుగారు ఆ అంకె చూసి, నా ముఖం చూడకుండానే, "బరువు తగ్గాలి" అన్నారు. నేను వెళ్ళింది మోకాలి నొప్పికి కాదు, మధుమేహానికీ కాదు. చెవిలో హోరుకి! చెవి సంగతి ఆ రోజు తేలనే లేదు. తర్వాత ఓ వంద డాలర్లు పెట్టి సరైన సైజు పట్టీ ఉన్న మిషను కొనుక్కుని నెలరోజులు పొద్దునా సాయంత్రం రాసుకున్నాను. 128 ఎప్పుడూ దాటలేదు.

ఇది చదివి "అయ్యో పాపం" అనకండి. నేను చెప్పేది వేరే. ఆ క్లినిక్కులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. పెద్ద పట్టీ ఏ సొరుగులో ఉందో తెలుసుకోవాల్సిన అవసరం వాళ్ళలో ఒక్కరికి కూడా ఎప్పుడూ రాలేదు, అంతే. చేతులున్న కుర్చీలో ఇరుక్కున్నవాడు రిసెప్షన్‌లో చేతుల్లేని కుర్చీలు రెండు వేయిస్తాడు. వరండాలో అందరి ముందూ బరువు తూచి, అంకెని పైకి చదివించుకున్నావిడ ఆ మిషనుని తలుపున్న గదిలోకి మార్పిస్తుంది. ముడిపడని గౌను వెనక్కి పట్టుకుని ఎక్స్‌రే గదిదాకా నడిచినవాడు గౌన్ల ఆర్డరు మీద సైజు రాస్తాడు. వీటికి పీహెచ్‌డీ అక్కర్లేదు. పీహెచ్‌డీ ఉన్నంతమాత్రాన ఇవి తట్టవు కూడా. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా? (కాకి చెడ్డదని కాదు. దానికి పుండు లేదు, అదీ సంగతి.)

ఇక పోస్టర్ల సంగతి. 2011లో అట్లాంటాలో ఓ పెద్ద పిల్లల ఆసుపత్రి ఊరంతా హోర్డింగులు పెట్టింది. లావుగా ఉన్న చిన్నపిల్లల నలుపూ తెలుపూ ఫోటోలు, కింద ఎర్రక్షరాల్లో హెచ్చరిక. సిగరెట్ పెట్టె మీద పుర్రె బొమ్మలాగ. దిగులు మొహం వేసుకుని నిలబడ్డ ఒక ఆడపిల్ల, ఆ పక్కన ఇంత శరీరం ఉంటే చిన్నపిల్లలా బతకడం కష్టం అనే అర్థంలో ఓ మాట. ఉద్దేశం మంచిదే, తల్లిదండ్రుల కళ్ళు తెరిపించాలని. కానీ ఆ బడికెళ్ళే దారిలో ఆ హోర్డింగు కింద నడిచే లావు పిల్ల ఏమవుతుంది? మర్నాడు క్లాసులో ఆ పిల్లని ఏ పేరు పెట్టి పిలుస్తారు? ఎనిమిదో ఏట "గుండు బూరె" అని పిలిపించుకున్నవాడెవడైనా ఆ ఆసుపత్రి బల్ల చివర వీటో పవరుతో కూర్చుని ఉంటే ఆ ఫోటోలు ప్రెస్సు దాకా వెళ్ళేవా? గొడవలయ్యాక 2012లో ఆ ప్రచారం మార్చుకున్నారు.

2019లో బ్రిటన్‌లో క్యాన్సర్ రీసెర్చ్ యూకే అదే దారి పట్టింది. సిగరెట్ పెట్టెల్లాంటి పెట్టెలు, వాటి మీద సిగరెట్ కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఊబకాయం కూడా క్యాన్సర్‌కి కారణమే అన్న మాట. విషయం నిజం, నేను కాదనను. అధిక బరువు వల్ల కొన్ని రకాల క్యాన్సర్లు పెరుగుతాయనేదానికి బోలెడు ఆధారాలున్నాయి. కానీ సిగరెట్ పెట్టెని జేబులోంచి తీసి చెత్తబుట్టలో పారేయొచ్చు. నన్ను నేను ఏ బుట్టలో వేసుకోను?

ఇదంతా కొత్తగా నేను కనిపెట్టిన వాదన కాదండోయ్. 1983లో ఎయిడ్స్ అంటే జనం ఆమడ దూరం పారిపోయే రోజుల్లో, డెన్వర్‌లో జరిగిన ఓ ఆరోగ్య సదస్సులో ఆ జబ్బు ఉన్నవాళ్ళే కొంతమంది వేదికెక్కి ఓ ప్రకటన చదివారు. మమ్మల్ని బాధితులు అనొద్దు, ఎయిడ్స్‌తో బతుకుతున్న మనుషులం అన్నారు. ఇంకా ఏం అడిగారో గమనించండి. జాలి చూపించమని అడగలేదు. నిర్ణయాలు తీసుకునే ప్రతి స్థాయిలోనూ మేముండాలి, సేవలందించే సంస్థల డైరెక్టర్ల బోర్డుల్లో ముఖ్యంగా ఉండాలి అన్నారు. బోర్డుల్లో! చావు కళ్ళముందు కనిపిస్తున్నా వాళ్ళకి అధికారం ఎక్కడుంటుందో సరిగ్గా తెలుసు. తర్వాతి కాలంలో మందుల పరీక్షలు ఎలా జరగాలి, ఎంత త్వరగా జరగాలి అనేదాన్ని కూడా రోగుల సంఘాలు మార్చగలిగాయంటే మూలం అక్కడుంది.

ఇప్పుడు మన ఒబేసిటీ సభలు చూడండి. మార్చి 4న ప్రపంచ ఒబేసిటీ దినం. సభ పెడతారు. ముందు వరసలో సర్జన్లు, స్పాన్సర్లు. మధ్యలో "పేషెంట్ వాయిస్" అని పది నిమిషాలు. ఒకావిడని పిలిచి, ఆవిడ పాత ఫోటో కొత్త ఫోటో పక్కపక్కన తెర మీద వేసి, ఏడిపించి, చప్పట్లు కొట్టి, శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి దింపేస్తారు. ఆవిడ దిగాక అసలు మీటింగు మొదలవుతుంది. ఊరేగింపుకి ఉత్సవ విగ్రహం, పెత్తనం ధర్మకర్తలది. మాకొద్దు ఈ ఊరేగింపు. వచ్చే ఏడాది డబ్బు దేనిమీద ఖర్చు పెట్టాలి, ఏ పోస్టరు ఆపాలి, ఎవర్ని ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఏ కంపెనీ చెక్కు వెనక్కి పంపాలి... ఈ నాలుగిట్లో సంతకం ఎవరిది? దానికి జవాబు చెప్పండి, ఆ సంస్థ ఎవరిదో నేను చెప్తాను.

మన దేశంలో కూడా 2025 ఫిబ్రవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఊబకాయం గురించి మాట్లాడారు. వంటనూనె పది శాతం తక్కువ కొనండి అన్నారు, మంచి మాటే. మర్నాడు ప్రచారానికి పదిమంది ప్రముఖుల్ని ఎంపిక చేశారు. మీరాబాయి చాను, మను భాకర్, ఆనంద్ మహీంద్రా, నందన్ నీలేకణి, సుధామూర్తి, శ్రేయా ఘోషల్, మాధవన్, మోహన్‌లాల్, నిరహువా, ఒమర్ అబ్దుల్లా. వెయిట్ లిఫ్టరు ఉంది, షూటరు ఉంది, గాయని ఉంది, ముఖ్యమంత్రి ఉన్నాడు. వాళ్ళమీద నాకే కోపమూ లేదు. కానీ చిన్నప్పట్నించీ ఈ బరువుతో వేగుతున్నదాన్ని అని చెప్పుకునే ఓ విజయవాడ టీచరమ్మో, ఓ లారీ డ్రైవరో పదకొండో పేరుగా తట్టలేదు చూశారూ, అదీ నా బాధ.

ఒబేసిటీ కెనడా గురించి నేను దసరా రోజున ఎందుకెత్తానో చెప్తాను. ఇది పుట్టడం రోగుల సంఘంగా పుట్టలేదు. 2006లో డాక్టర్ ఆర్య శర్మ అనే ఆయన (ఇంటిపేరు చూసి మనవాడే అని మురిసిపోకండి, ఆయన జర్మనీ నుంచి వచ్చాడు) డాక్టర్లకీ పరిశోధకులకీ ఒక నెట్‌వర్కుగా మొదలుపెట్టాడు. మెల్లగా తలుపులు తెరిచారు. ఊబకాయంతో బతుకుతున్నవాళ్ళు కమిటీలోకొచ్చారు, తర్వాత ఉద్యోగాల్లోకొచ్చారు, తర్వాత పై కుర్చీల్లోకొచ్చారు. ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా చేసిన లీసా షాఫర్, ప్రజాసంబంధాలూ హక్కుల పని చూసిన ఇయాన్ పాటన్... ఇద్దరూ తమ శరీరం గురించి దాచుకోకుండా మాట్లాడేవాళ్ళే. పాటన్‌కి కైనసియాలజీలో పీహెచ్‌డీ కూడా ఉంది. చదువుకున్నవాళ్ళు కావాలా పడ్డవాళ్ళు కావాలా అని అడిగేవాళ్ళు ఈ రెండూ ఒక మనిషిలో ఉండొచ్చని ఎందుకు మర్చిపోతారో!

ఫలితం ఏమిటి? 2020 ఆగస్టులో కెనడా డాక్టర్లకి కొత్త మార్గదర్శకాలొచ్చాయి, కెనడియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో. ఎనభై సిఫార్సులు. వాటిని తయారుచేసినవాళ్ళలో ఊబకాయంతో బతుకుతున్నవాళ్ళూ ఉన్నారు. అందులో డాక్టరు చేయాల్సిన మొదటి పని ఏమిటో ఊహించండి. బరువు తూచడం కాదు. అడగడం. "మీ బరువు గురించి మాట్లాడొచ్చా?" అని రోగిని అనుమతి అడగడం! ఒప్పుకుంటేనే మాట్లాడాలి. అంకె ఎంత తగ్గిందనేదాని కంటే మనిషి ఆరోగ్యం, బతుకు ఎంత బాగుపడ్డాయనేది చూడాలి అని కూడా రాశారు. చెవిలో హోరని వెళ్ళి బరువు పాఠం విని వచ్చినవాడికి ఆ ఒక్క ప్రశ్న విలువ తెలుస్తుంది. యాభై ఏళ్ళుగా డాక్టర్లే రాసుకున్న గైడ్‌లైన్సుల్లో దానికి ఇంత పెద్దపీట ఎప్పుడైనా వేశారా?

ఇక్కడ ఒక మెలిక ఉంది. అనుభవం అంటే ఎవరి అనుభవం? జనానికి నచ్చే అనుభవం ఒకటే, "ఒకప్పుడు లావు, ఇప్పుడు సన్నం". జీన్ నైడెచ్ అనే న్యూయార్కు గృహిణి 1961లో స్నేహితురాళ్ళని క్వీన్స్‌లోని తనింట్లో కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టి, మొత్తం 72 పౌన్లు తగ్గింది. ఒకరి కష్టం ఒకరు చెప్పుకోవడం, అంతే. బ్రహ్మాండమైన ఆలోచన. 1963లో అది వెయిట్ వాచర్స్ కంపెనీ అయింది, 1978లో హైన్జ్ కెచప్ కంపెనీ చేతికి పోయింది. అక్కడ మీటింగు నడిపే లీడరు కావాలంటే ముందు తను లక్ష్యం బరువుకి దిగాల్సి ఉండేది. అంటే పాసైనవాళ్ళే టీచర్లు. తగ్గి మళ్ళీ పెరిగినవాళ్ళు, అంటే చాలామంది, వెనక బెంచీలో తలొంచుకుని కూర్చోవాలి. ఆ కంపెనీయే 2023లో మందుల చీటీలు రాసే టెలీహెల్త్ కంపెనీని కొనుక్కుంది, 2025 మే నెలలో దివాలా పిటిషను వేసింది. వ్యాపారం సంగతి అలా ఉంచితే, నాకు పాసైనవాళ్ళ పాఠాలు చాలా అయ్యాయి. మూడుసార్లు తగ్గి నాలుగుసార్లు పెరిగినవాడు ఛారిటీ నడిపితే, తగ్గనివాళ్ళకి ఏం కావాలో వాడికి తెలుస్తుంది. తగ్గనివాళ్ళకీ వైద్యం కావాలి కదా!

అలాగని లావుగా ఉన్నవాళ్ళందరిదీ ఒకే మాట అనుకోకండి. 1969లో అమెరికాలో మొదలైన నాఫా అనే సంఘం వాళ్ళు అసలు ఒబేసిటీ జబ్బు అంటేనే ఒప్పుకోరు. మా శరీరం మాది, మార్చాల్సింది సమాజం అంటారు. (దాన్ని మొదలుపెట్టిన బిల్ ఫాబ్రే మా జాతివాడే, ఇంజనీరు. తను లావు కాదు, లావైన తన భార్యని లోకం చూసే చూపు తట్టుకోలేక పెట్టాడు. సన్నగా ఉన్నవాళ్ళు పనికిరారని నేనెక్కడా అనలేదు, గమనించగలరు.) నాకు మందులూ కావాలి, ఆపరేషన్లూ కావాలి, కాబట్టి నేను నాఫా వాళ్ళతో చాలా విషయాల్లో కొట్లాడతాను. కానీ ఆ కొట్లాట మా మధ్య జరగాల్సింది. మా తరఫున ఇంకెవరో రాజీ కుదిర్చి పెట్టాల్సింది కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది సామెతలతో కొట్టిపారేసేది కాదు. డబ్బు. ఈ ఛారిటీలకి డబ్బు ఎక్కడిది? ఓజెంపిక్, వెగోవీ తయారుచేసే నోవో నార్డిస్క్ లాంటి కంపెనీల నుంచి రోగుల సంఘాలకి నిధులొస్తాయి, ఒబేసిటీ కెనడాకీ వచ్చాయి. ఇందులో దాపరికం లేదు, కానీ చిక్కు ఉంది. అదే కంపెనీని 2023 మార్చిలో బ్రిటన్ మందుల కంపెనీల సంఘం రెండేళ్ళు సస్పెండ్ చేసింది. బరువు తగ్గించడం మీద ఫార్మసిస్టులకీ మరికొందరికీ పెట్టిన శిక్షణ వెనక తన మందు ప్రచారం ఉందని సరిగ్గా బయటపెట్టనందుకు. అలాంటి జేబులోంచి జీతం తీసుకుంటూ "జబ్బే, జబ్బే, మందు కావాలి" అంటే వినేవాడికి అనుమానం రాదా? వస్తుంది, రావాలి కూడా.

అయితే ఈ అనుమానం ఎవరిమీదికి తిప్పుతున్నారో చూడండి. అవే కంపెనీల డబ్బుతో కాన్ఫరెన్సులకెళ్ళే ప్రొఫెసర్లని ఎవరూ ఛారిటీ పదవులకి అనర్హులనరు. లావైన డైరెక్టరుని మాత్రం అమ్ముడుపోయాడంటారు. నా వాదన ఏమిటంటే, అనుభవం ఉన్నవాళ్ళకి పెత్తనం ఇస్తున్నప్పుడే నియమాలు కూడా రాసుకోవాలి. ఏ కంపెనీ ఎంతిచ్చిందో ఏటా పైసలతో సహా ప్రకటించాలి. ఒక్క కంపెనీ డబ్బు ఆగితే సంస్థ మూతపడే స్థితి రానివ్వకూడదు. కంపెనీ మనిషికి బోర్డులో కుర్చీ ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సర్కారు కొంత డబ్బు పెట్టాలి. మరి సర్కారు ఇవ్వక, జనం ఇవ్వక (లావువాళ్ళ ఛారిటీకి ఎవరు చందా ఇస్తారు చెప్పండి, నవ్వుతారు గానీ), మిగిలిన ఒక్క తలుపూ తడితే, అదిగో ఆ తలుపు తట్టారు చూడండి అనడం ఏం న్యాయం?

ఇదంతా కెనడా కథ అని వదిలేద్దామంటే మన లెక్కలు వదలనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో అధిక బరువున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3. తెలంగాణాలో 30.1. మూడో వంతు మన అక్కచెల్లెళ్ళు! వీళ్ళ గురించి మాట్లాడేది ఎవరు? ఆపరేషన్ చేసే ఆసుపత్రి హోర్డింగులు, టీ పొడి అమ్మే యూట్యూబ్ వీరులు, ఎయిర్‌పోర్టులో దిగగానే "ఏంట్రా ఇంత లావయ్యావ్" అనే మేనత్తలు. వాళ్ళకంటూ వాళ్ళు నడుపుకునే ఒక్క సంస్థ పేరు నోటికి తగలదు.

మా దగ్గర ఓ తెలుగు సంఘం ఉంది. ఏటా ఉగాదికి ముందు హెల్త్ క్యాంపు పెడుతుంది. షుగరు చూస్తారు, బీపీ చూస్తారు, హాలు మధ్యలో మిషనెక్కించి బరువు చూసి గట్టిగా చదువుతారు, ఒక డాక్టరుగారు అన్నం మానేయమని ఉపన్యాసం ఇస్తారు, తర్వాత అందరికీ పులిహోర పెడతారు. లావైన ఆడవాళ్ళు ఆ బల్ల దాకా రారు. వంటల దగ్గర పని కల్పించుకుంటారు. నిజానికి ఆ క్యాంపు అవసరం ఎవరికుందో వాళ్ళే.

ఈసారి కమిటీకి ఓ ఉత్తరం రాశాను. క్యాంపు కమిటీలో ఏడుగురున్నారు, అందులో నాలుగు చోట్లు బరువుతో వేగుతున్నవాళ్ళకివ్వాలి, వాళ్ళలో ఒకరు ఛైర్మన్‌గా ఉండాలి, ఖర్చుల మీద సంతకం ఛైర్మన్‌ది. అందులో ఒక చోటుకి పేరు కూడా సూచించాను, ఆవిడ ఒప్పుకున్నాకే. పదేళ్ళుగా ఆ క్యాంపు వంటగదిలో గరిటె తిప్పుతున్న అక్కయ్య ఆవిడ, భారతదేశంలో పన్నెండేళ్ళు నర్సుగా చేసింది. ఆవిడ పెట్టిన షరతులు రెండే. బరువు మిషనుకి చుట్టూ తెర కట్టాలి, పెద్ద సైజు బీపీ పట్టీలు రెండు కొనాలి. ఒక్కోటి నలభై డాలర్లట. కమిటీ జవాబు ఇంకా రాలేదు. డాక్టరుగారి ఉపన్యాసం టైటిల్ మాత్రం అప్పుడే వాట్సాప్‌లో వచ్చేసింది.